అటక మీది స్టీరియోకి ల్యాప్‌టాప్ కలపడం ఎట్టాగంటే

సంక్రాంతికి ఇల్లు దులుపుతుంటే అటక మీంచి నాయన స్టీరియో దిగింది. ఆంప్లిఫయరు, క్యాసెట్ డెక్కు, మోకాలెత్తు స్పీకర్లు రెండు, వాటి మీద కప్పిన పాత చీర, ఆ చీర మీద ఇరవై ఏళ్ల దుమ్ము. "పాతసామాన్లోడు వస్తే ఇచ్చెయ్ అబ్బయా, అటకన్నా ఖాళీ అవద్ది" అంది అమ్మ. నేను ఇవ్వలేదు. సాయంత్రం ఇంటికొచ్చాక ల్యాప్‌టాప్‌లో పాటలు వినడం నాకు అలవాటు, ఆ ల్యాప్‌టాప్ స్పీకర్లేమో అగ్గిపెట్టెలో కందిరీగని పెట్టి మూసినట్టు ఉంటాయి. నెల్లూరులో ఉంటూ మన బాలు గారి గొంతుని అట్టా వినాల్సి రావడం నాకే సిగ్గనిపించేది. మధ్యలో ఒక బ్లూటూత్ డబ్బా కొన్నాను గానీ అది దబదబా బాదడం తప్ప ఇంకేం చేయలేదు, ఇప్పుడు దాన్ని మా అక్క కొడుకు స్నానాల గదిలో పెట్టుకుని వింటున్నాడు.

ఆ పాత స్టీరియోకి ల్యాప్‌టాప్‌ని కలపడానికి నాకు మూడు సాయంత్రాలు పట్టింది. వైరు తగిలించడం ఐదు నిమిషాల పని. మిగతా టైమంతా తప్పు రంధ్రంలో పెట్టి, గుయ్‌మనే మోత ఎక్కణ్నుంచి వస్తుందో వెతికి, స్పీకర్లు అటూ ఇటూ జరిపి పోగొట్టుకున్నదే. మీరు ఒక్క సాయంత్రంలో ముగించుకుంటారని ఇదంతా రాస్తున్నాను. ఖర్చు కూడా పెద్దగా ఉండదు. మంచి సౌండ్ అనగానే కొత్త పెట్టె కొనాలనుకుంటారు గానీ, బొటనవేలి గోరంత స్పీకరు ఎంత ఖరీదైన ల్యాప్‌టాప్‌లో ఉన్నా మృదంగం దెబ్బకి కావలసినంత గాలిని కదపలేదు. ఎనిమిది అంగుళాల కోన్, అంటే ముందుకీ వెనక్కీ ఊగే గరాటు, ఉన్న పాత స్పీకరు, చెక్క పెట్టెలో ఉంటే, ఊరికే కదుపుతుంది.

ముందు అది బతికుందో లేదో చూడండి

ఏళ్ల తరబడి కరెంటు మొహం చూడని ఆంప్లిఫయర్‌ని దించగానే ప్లగ్గులో పెట్టొద్దు. లోపలి కెపాసిటర్లు వాడకం లేకపోతే పాడవుతాయి, ఒక్కసారిగా 230 వోల్టులు తగిలితే పొగ రావచ్చు. పాత రేడియో మెకానిక్ ఎవరైనా ఉంటే ఆయన దగ్గర సిరీస్ బల్బు ఉంటుంది. కరెంటు దారిలో 100 వాట్ల పాత రకం బల్బు ఒకటి పెట్టి, దాని మీదుగా ఆంప్లిఫయర్‌కి కరెంటు ఇస్తారు. లోపల షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలిగి ఊరుకుంటుంది, పెట్టెకేం కాదు. అంతా బాగుంటే ఒక్కసారి మెరిసి మందగిస్తుంది. మాది మెరిసి మందగించింది. మూత తీసి చూస్తే మాత్రం బల్లిగుడ్లు నాలుగు, ఒక బొద్దింక సంసారం మొత్తం కనబడ్డాయి. మూత మీరు సొంతంగా తీయొద్దు, ప్లగ్గు పీకాక కూడా పెద్ద కెపాసిటర్లలో చార్జి మిగిలుండి గట్టిగా కొడుతుంది. ఫ్యూజు పోయి ఉంటే దానికి బదులు రాగి తీగ చుట్టే అలవాటు మనవాళ్లకి ఉంది, ఆ పని అసలు చేయొద్దు.

స్పీకర్లకి ముందున్న గుడ్డ జాలీ తీసి, కోన్ అంచు చుట్టూ ఉండే రింగుని వేలితో మెల్లగా తాకండి. రబ్బరో గుడ్డో అయితే ఏళ్లు గడిచినా నిలబడుతుంది. స్పాంజి రకం అయితే అప్పడం ముక్కలా చేతికి రాలుతుంది, అప్పుడు ఆ రింగు మార్పించుకోవాలి, స్పీకరే పారేయనక్కర్లేదు.

ఇంకోటి, మన వైపు గాలి. మైపాడు, కొత్తపట్నం లాంటి చోట్ల సముద్రం పక్కనే ఉన్నవాళ్లకి చెప్పనక్కర్లేదు, ఇత్తడి చెంబుకి పట్టినట్టే వెనక ఉన్న సాకెట్లకి కూడా చిలుము పడుతుంది. మా వాటి మీద పచ్చగా మచ్చలు ఉన్నాయి. చెవి శుభ్రం చేసుకునే దూది పుల్లని ఐసోప్రొపిల్ ఆల్కహాల్‌లో తడిపి గట్టిగా రుద్దితే పోయింది. వాల్యూం తిప్పుతుంటే కరకరమంటే, కరెంటు తీసేసిన తర్వాత ఎలక్ట్రానిక్స్ షాపులో దొరికే కాంటాక్ట్ క్లీనర్ కొట్టించి, ఆ మరని ఆ చివర నుంచి ఈ చివరకి ఓ ముప్పైసార్లు తిప్పండి. ఇంట్లో తలుపు బందులకి కొట్టే నూనె స్ప్రే దీనికి పనికిరాదు.

వెనకాల రాసి ఉన్నది చదవడం

ఆంప్లిఫయర్ వెనక్కి తిప్పితే జంటజంటలుగా రంధ్రాలు ఉంటాయి, ఎరుపు ఒకటి, తెలుపో నలుపో ఇంకొకటి. ఎరుపు కుడి, తెలుపు ఎడమ. వీటినే ఆర్‌సీఏ సాకెట్లంటారు. ప్రతి జంట పక్కన ఒక పేరు ఉంటుంది. ఆక్స్, సీడీ, ట్యూనర్, టేప్ ఇన్, లైన్ ఇన్, వీటిలో ఏదైనా మనకి ఒకటే, అన్నీ ఒకే రకం సిగ్నల్ తీసుకుంటాయి. టేప్ అవుట్, రెక్ అవుట్ అని ఉన్నవి బయటికి పంపేవి, వాటిలో పెడితే ఏమీ వినపడదు.

ఫోనో అని ఒకటి ఉంటుంది. ఫోన్ పెట్టుకునేదేమో అనుకున్నాను నేను. ల్యాప్‌టాప్ వైరు అందులో దూర్చి పాట పెట్టాను. పాట రాలేదు, రేకుల షెడ్డు మీద ఇసుక లారీ దించినట్టు ఒక మోత వచ్చింది, గేటు దగ్గర పడుకున్న కుక్క లేచి పరిగెత్తింది. తర్వాత తెలిసింది, అది గ్రామఫోన్ ప్లేయర్ కోసం. ఆ సూది నుంచి వచ్చే సిగ్నల్ కొన్ని మిల్లీవోల్టులే, అందుకని ఆ దారిలో దాన్ని వంద రెట్లు పెంచడమే కాక, రికార్డులో తగ్గించి చెక్కిన బేస్‌ని మళ్లీ లేపే సర్క్యూట్ కూడా ఉంటుంది. ల్యాప్‌టాప్ ఇచ్చేదేమో అటు ఇటుగా ఒక వోల్టు. అంత సిగ్నల్‌ని ఇంకో వంద రెట్లు పెంచితే ఏమవుతుందో మా కుక్కకి తెలుసు. మైక్ అని రాసి ఉన్న రంధ్రానిదీ ఇదే కథ.

కొన్ని పాత సెట్లకి ఆర్‌సీఏ ఉండదు, గుండ్రటి సాకెట్టులో అర్ధచంద్రంలా ఐదు రంధ్రాలు ఉంటాయి. దాన్ని డిన్ సాకెట్ అంటారు. అందులో నడిమిది ఎర్త్. టేప్ కోసం ఇచ్చిన సాకెట్ అయితే 3, 5 నంబర్ల పిన్నులు మనకి కావలసినవి, 3 ఎడమ, 5 కుడి. ఆ నంబర్లు వరసగా ఉండవు, ఒక చివర నుంచి 1, 4, 2, 5, 3 అని వెళ్తాయి, అక్కడే అందరూ తికమక పడతారు. డిన్ నుంచి ఆర్‌సీఏకి రెడీమేడ్ వైరు దొరుకుతుంది, సోల్డరింగ్ చేతకాకపోతే అదే తీసుకోండి.

ఏ ఇన్‌పుటూ లేని త్రీ ఇన్ వన్ మ్యూజిక్ సిస్టమ్ అయితే, క్యాసెట్ ఆకారంలో ఉండి దానికి వైరు వేలాడే అడాప్టర్ ఒకటి వస్తుంది, క్యాసెట్ మోటారు తిరుగుతుంటే చాలు, పని జరిగిపోతుంది. సౌండ్ ఓ మాదిరి.

పెళ్లిళ్లకి, గుడి మైకులకి వాడే మోనో ఆంప్లిఫయర్ ఇంట్లో ఉన్నవాళ్లు కూడా అడుగుతుంటారు. దానికి ఒకటే ఇన్‌పుట్ కాబట్టి ఎడమ, కుడి వైర్లు రెండూ మెలేసి కలిపేస్తారు. అట్టా కలిపితే ల్యాప్‌టాప్‌లోని రెండు అవుట్‌పుట్లు ఒకదాని మీద ఒకటి తోసుకుంటాయి. విండోస్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, ఆడియో అన్న చోట మోనో ఆడియో అని ఉంది, అది ఆన్ చేసి ఒక్క తెల్ల వైరే పెట్టండి. రెండు పక్కల పాటా అందులోంచే వస్తుంది.

వైరు

కావలసింది ఒక చివర హెడ్‌ఫోన్ పిన్ను, అంటే 3.5 మిల్లీమీటర్ల జాక్, రెండో చివర రెండు ఆర్‌సీఏ పిన్నులు ఉన్న వైరు. షాపులో తీసుకునేటప్పుడు ఆ పిన్ను మీద నల్లగీతలు లెక్కపెట్టండి. రెండు గీతలుంటే స్టీరియో. ఒక్కటే ఉంటే మోనో, ఒక పక్కే వస్తుంది. మూడు గీతలుంటే మైకు కూడా కలిసిన రకం, మనకి అక్కర్లేదు. దారం లాంటి సన్నటి వైరు వద్దు, లోపల కవచంలా అల్లిక ఉన్న కాస్త లావు వైరు తీసుకోండి, అది బయటి మోతని ఆపుతుంది. నేను రెండొందల చిల్లర పెట్టాను. బంగారు పూత, వేలల్లో ధర అని చెప్పే వైర్ల జోలికి నేను పోను, రెండు మీటర్ల వైరుకి అంత ఖర్చు దండగ. ఆ డబ్బుకి పినాకినీ ఎక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌కి వెళ్లి, నాలుగు షాపులు తిరిగి, మధ్యాహ్నం భోంచేసి రావచ్చు, అక్కడ దొరకని పిన్ను అంటూ ఉండదు.

పొడవు ఐదు మీటర్లు దాటించకండి. టేబుల్ ఒక గదిలో, స్టీరియో ఇంకో గదిలో ఉంటే ల్యాప్‌టాప్‌నే స్టీరియో దగ్గరకి తీసుకెళ్లడం మేలు.

తగిలించే వరస ఇదీ. ఆంప్లిఫయర్ ఆఫ్‌లో ఉండాలి, వాల్యూం సున్నాలో. ముందు ఆర్‌సీఏ పిన్నులు ఆక్స్‌లో, తర్వాత జాక్ ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ రంధ్రంలో. డెస్క్‌టాప్ అయితే వెనక ఆకుపచ్చ రంధ్రం, గులాబీది మైకు, నీలం లోపలికి తీసుకునేది. పెట్టగానే కొన్ని ల్యాప్‌టాప్‌లు ఏం పెట్టావని అడుగుతాయి, హెడ్‌ఫోన్ అనో లైన్ అవుట్ అనో చెప్పండి. అప్పుడు ఆంప్లిఫయర్ ఆన్ చేయండి. ఆపేటప్పుడు తిరగేసి, ఆంప్లిఫయర్ ముందు, కంప్యూటర్ తర్వాత. లేకపోతే కంప్యూటర్ ఆపినప్పుడల్లా స్పీకర్ల నుంచి టప్‌మని గుండె జారే శబ్దం వస్తుంది, కోన్‌కి అది మంచిది కాదు.

అంతా పెట్టాక కూడా నిశ్శబ్దంగా ఉందంటే ముందు వైపు టేప్ మానిటర్ అన్న బటన్ చూడండి. అది నొక్కి ఉంటే ఆంప్లిఫయర్ టేప్ వైపే చెవి పెట్టుకుని కూర్చుంటుంది, ఆక్స్‌లో మీరు కచేరీ పెట్టినా పట్టించుకోదు. నాకు ఒక సాయంత్రంలో సగం ఈ బటన్ దగ్గరే పోయింది. నాయన చివరిసారి క్యాసెట్ విన్నప్పుడు నొక్కింది, అట్టాగే ఉండిపోయింది.

కంప్యూటర్‌లో మార్చాల్సినవి

రెండు చోట్ల వాల్యూం ఉన్నప్పుడు ఏది ఎంత పెట్టాలన్నది అందరూ అడిగేదే. ల్యాప్‌టాప్ వాల్యూం బాగా ఎక్కువగా, 90 దగ్గర పెట్టి వదిలేయండి, పెంచడం తగ్గించడం అంతా ఆంప్లిఫయర్ మర మీదే చేయండి. ల్యాప్‌టాప్‌లో 20 పెట్టి ఆంప్లిఫయర్‌ని మూడొంతులు తిప్పితే, పాటతో పాటు వైర్లో ఉన్న బుసబుస కూడా పెరిగి వస్తుంది. 90లో కూడా గొంతు చిరుగుతున్నట్టు అనిపిస్తే ఒక నాలుగు మెట్లు దించండి. పాట ప్లేయర్‌లో ఉండే వాల్యూం కూడా నిండుగానే ఉండాలి. వీఎల్‌సీలో 100 దాటించకండి, అది దాటాక కృత్రిమంగా లేపుతుంది, లేపితే చిరుగుతుంది.

తర్వాత విండోస్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, సౌండ్, అడుగున మోర్ సౌండ్ సెట్టింగ్స్. మీరు వాడే అవుట్‌పుట్ మీద రెండుసార్లు నొక్కితే ప్రాపర్టీస్ తెరుచుకుంటుంది. ఎన్‌హాన్స్‌మెంట్స్ అని ఎక్కడ కనపడినా ఆపేయండి. బేస్ బూస్ట్, సరౌండ్, లౌడ్‌నెస్ అంటూ ల్యాప్‌టాప్ కంపెనీవాళ్లు పెట్టే హంగులన్నీ ఆ అగ్గిపెట్టె స్పీకర్ల లోపం కప్పిపుచ్చడానికి వేసిన పౌడరు. నిజమైన స్పీకర్లకి అదే పౌడరు వేస్తే మొహం పాడవుతుంది. అడ్వాన్స్‌డ్ అన్న చోట ఫార్మాట్ ఉంటుంది. సీడీ పాటలన్నీ 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్‌లో ఉంటాయి, మీ దగ్గర ఎక్కువగా అవే ఉంటే 44,100 ఎంచుకోండి. అక్కడ 1,92,000 పెట్టినంత మాత్రాన పాటలో లేని నాణ్యత రాదు.

ఇంకో మెట్టు ఎక్కాలనుకుంటే ఫూబార్ 2000 అన్న ఉచిత ప్లేయర్ వేసుకోండి. ప్రిఫరెన్సెస్, ప్లేబ్యాక్, అవుట్‌పుట్‌లో మీ పరికరం పేరు రెండు మూడుసార్లు కనపడుతుంది, ఎక్స్‌క్లూజివ్ అని రాసి ఉన్నది ఎంచుకుంటే విండోస్ తన మిక్సర్‌ని పక్కన పెట్టి పాటని ఉన్నదున్నట్టు పంపుతుంది. ఇందులో తేడా చిన్నదే, ఆకాశపాతాళాలని ఎవరైనా చెబితే నమ్మొద్దు. నేను వాడేది మాత్రం వేరే కారణానికి, అది చివర్లో చెబుతా.

గుయ్‌మనే మోత

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఏడిపించింది ఇదే. అంతా కలిపి పాట పెట్టాను, బ్రహ్మాండంగా ఉంది, పాటకీ పాటకీ మధ్య ఖాళీలో మాత్రం గుయ్ అని ఒక సన్నటి మోత. వంటింట్లోంచి అమ్మ, "ఏందబ్బయా, ట్రాన్స్‌ఫార్మర్ ఇంట్లోకి తెచ్చావా?" అంది. నిజానికి సరిగ్గా చెప్పింది. మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది, ఆ ఊపే స్పీకర్లో వినపడుతుంది.

దీన్ని పట్టుకోవడానికి వరసగా చూసుకుంటూ పోవాలి. ఆంప్లిఫయర్ నుంచి ల్యాప్‌టాప్ వైరు పూర్తిగా పీకేసి వినండి. అప్పటికీ మోత ఉంటే రోగం ఆంప్లిఫయర్ లోపలే ఉంది, ఫిల్టర్ కెపాసిటర్లు ముసలివై ఉంటాయి, మెకానిక్ మారుస్తాడు. పీకితే మోత పోయి, పెడితే వస్తుంటే, ఇప్పుడు ల్యాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద నడపండి. మాకు అక్కడ టక్కున ఆగిపోయింది, చార్జర్ పెడితే మళ్లీ గుయ్. అంటే ఆంప్లిఫయర్ ఒక గోడ ప్లగ్గు నుంచి, చార్జర్ ఇంకో గోడ ప్లగ్గు నుంచి కరెంటు తీసుకుంటున్నాయి, రెండింటి ఎర్త్‌కీ మధ్య ఉన్న చిన్న తేడా మన ఆడియో వైరు మీదుగా తిరుగుతోంది.

రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి మారిస్తే చాలాసార్లు తగ్గిపోతుంది. మాకు ముప్పాతిక వంతు తగ్గింది. మిగిలిన పావు కోసం గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అన్న చిన్న డబ్బా ఒకటి కొని ఆడియో వైరు మధ్యలో పెట్టాను. అందులో రెండు బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి, పాట దాటుతుంది, వైరు మాత్రం అక్కడ తెగి ఉంటుంది కాబట్టి ఆ తిరుగుడు ఆగిపోతుంది. కార్లలో ఆడియో పెట్టేవాళ్ల దగ్గర కూడా దొరుకుతుంది. మరీ చౌకది అయితే బేస్ కాస్త తింటుంది.

కొందరు మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్ను విరగ్గొట్టమని సలహా ఇస్తారు. మోత పోతుంది, నిజమే, మనిషి కూడా పోవచ్చు. ఆ పిన్ను షాక్ కొట్టకుండా కాపాడేది, దాన్ని ముట్టుకోవద్దు.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు మాత్రమే బుర్రుమని వస్తుంటే తప్పు మీ వైర్లది కాదు. చౌక ఇన్వర్టర్లు ఇచ్చే స్క్వేర్ వేవ్ కరెంటుకి ఆంప్లిఫయర్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ అట్టాగే మూలుగుతుంది. సైన్ వేవ్ ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో ఆ బాధ తక్కువ. మా ఇంట్లో కరెంటు పోతే పాటలు బంద్.

యూఎస్‌బీ డాక్, ఇంకా మిగతా దారులు

డెస్క్‌టాప్ వాడే మా ఫ్రెండ్ ఇంట్లో ఇంకో విచిత్రం చూశాను. మౌస్ కదిపినప్పుడల్లా స్పీకర్లో కిచకిచమని పిచ్చుక పిల్లలు అరిచినట్టు వస్తుంది. పేజీ కిందికి జరిపితే ఒక రకం, ఫైల్ కాపీ చేస్తే ఇంకో రకం. కంప్యూటర్ లోపలి విద్యుత్ గోలంతా పక్కనే ఉన్న సౌండ్ చిప్పులోకి కారుతోంది. దీనికి మందు, పాటని అంకెల నుంచి విద్యుత్ అలలుగా మార్చే పనిని ఆ పెట్టె బయటికి తీసుకెళ్లడం. ఆ పని చేసేదే డాక్ (DAC). యూఎస్‌బీలో పెట్టే వేలెడంత ముక్క, దాని రెండో చివర హెడ్‌ఫోన్ రంధ్రమో ఆర్‌సీఏ సాకెట్లో ఉంటాయి. ఫోన్లకి వచ్చే టైప్ సీ హెడ్‌ఫోన్ అడాప్టర్ కూడా నిజానికి చాలావరకు చిన్న డాకే, మీ ఇంట్లో ఒకటి పడి ఉంటే ముందు దాంతో చూసి, తర్వాత కొనడం గురించి ఆలోచించండి. ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి, పైన చెప్పిన చార్జర్ మోతని మామూలు యూఎస్‌బీ డాక్ తీసేయకపోవచ్చు, దానికీ కంప్యూటర్‌కీ మధ్య ఎర్త్ ఇంకా కలిసే ఉంటుంది.

దాన్ని తెగ్గొట్టేది ఆప్టికల్ వైరు. 1983లో తోషిబా వాళ్లు తెచ్చింది, చివర ఎర్రటి వెలుతురు కనపడుతుంది, రాగి లేదు కాబట్టి మోత దాటే దారే లేదు. మీ కంప్యూటర్‌కీ స్టీరియోకీ రెండింటికీ ఆ రంధ్రం ఉంటే ఇంకేం ఆలోచించొద్దు. హోం థియేటర్ రిసీవర్ ఉన్నవాళ్లకి హెచ్‌డీఎంఐ వైరు ఒక్కటే చాలు.

బ్లూటూత్ రిసీవర్ డబ్బా కొని ఆక్స్‌లో పెట్టుకోవడం సుఖంగానే ఉంటుంది, ఎర్త్ గొడవ ఉండదు, మంచం మీద నుంచే పాట మార్చొచ్చు. కానీ గాల్లో పంపడానికి పాటని మళ్లీ నొక్కి చిన్నది చేస్తుంది. పనిచేసుకుంటూ వినడానికి సరిపోతుంది, కూర్చుని వినేటప్పుడు నేను వైరే పెడతా. సినిమా చూస్తే పెదాలకీ మాటకీ కొంచెం ఎడం కూడా తెలుస్తుంది.

పాట ఫైలు

స్టీరియో బాగుపడ్డాక నాకు కలిగిన మొదటి దుఃఖం, నా దగ్గరున్న పాటల్లో సగం చెత్త అని తెలియడం. ఎప్పుడో మెమరీ కార్డు వేసే షాపులో ఎక్కించుకున్న 128 కేబీపీఎస్ ఎంపీ3లు, ల్యాప్‌టాప్‌లో తేడా తెలియలేదు, ఇక్కడ తాళాల శబ్దం నీళ్లలోంచి వస్తున్నట్టుంది. సీడీలో ఉండేది సెకనుకి 1,411 కిలోబిట్లు. నాలుగు నిమిషాల పాట అయితే 42 ఎంబీ. అదే 128 ఎంపీ3లో నాలుగు ఎంబీ కూడా ఉండదు, మిగతాది పారేసిందే, పారేసింది మళ్లీ రాదు, దాన్ని ఫ్లాక్‌లోకి, అంటే ఏదీ పారేయకుండా సైజు తగ్గించే ఫైలు రకంలోకి, మార్చినా రాదు. ఇంట్లో పాత ఆడియో సీడీలు ఉంటే వాటిని ఫ్లాక్‌గా ఎక్కించుకోండి, సైజు సగానికి అటూ ఇటూగా తగ్గుతుంది, ఒక్క బిట్టు కూడా పోదు. 320 ఎంపీ3 కూడా నా చెవులకి బాగానే ఉంది. ఆన్‌లైన్ యాప్‌లో వినేవాళ్లు క్వాలిటీ ఆటోమేటిక్‌లో వదిలేయకుండా పై మెట్టుకి మార్చుకోండి.

స్పీకర్లు పెట్టే చోటు

ఇక్కడ పైసా ఖర్చు లేదు, తేడా మాత్రం డాక్ కంటే పెద్దది. నేను మొదట రెండు స్పీకర్లనీ టీవీ స్టాండు కింద, గోడకి ఆనించి, పక్కపక్కన పెట్టాను. బేస్ బుంగలోంచి వస్తున్నట్టు ఉబ్బిపోయింది. మీరు కూర్చునే చోటు, రెండు స్పీకర్లు, మూడూ కలిపితే సమంగా ఉండే త్రిభుజం రావాలి. గోడకి ఒక జానెడన్నా ఎడం, మూల అయితే ఇంకా ఎక్కువ. చిన్న స్పీకరు, అంటే ట్వీటరు, మీ చెవి ఎత్తుకి రావాలి. మేం రెండు సిమెంటు ఇటుకల మీద ఎత్తుపెట్టాం, చూడ్డానికి అసహ్యంగా ఉందని అమ్మ వాటికి గుడ్డ కుట్టింది. టైల్స్ వేసిన గదిలో చప్పట్లు కొట్టి చూడండి, టంగుమని తిరిగొస్తే మధ్యలో ఒక జంపఖానా పరిచి కిటికీకి మందపాటి కర్టెన్ వేస్తే గొంతు తేటపడుతుంది.

ప్లస్, మైనస్ కూడా చూసుకోవాలి. ఆంప్లిఫయర్ ఎరుపుకి స్పీకర్ ఎరుపు, నలుపుకి నలుపు. ఒక స్పీకర్‌కి మాత్రం తిరగబడితే అది ముందుకి తోసేటప్పుడు ఇంకోటి వెనక్కి లాగుతుంది, బేస్ మాయమవుతుంది. పరీక్షకి ఘంటసాల గారి కాలం నాటి మోనో పాట ఒకటి పెట్టండి. మోనో కాబట్టి రెండు పక్కలా ఒకే గొంతు, అది మీ ఎదురుగా సరిగ్గా నడిమధ్యన నిలబడాలి. ఎక్కడుందో తెలియకుండా గదంతా పలచగా పరుచుకుంటే ఒక్క స్పీకర్ వైర్లు తిప్పి పెట్టండి. మాకు తిప్పగానే ఆయన వచ్చి రెండు స్పీకర్ల మధ్య నిలబడ్డట్టే అయింది, అప్పటిదాకా వంటింట్లో ఉన్న అమ్మ గరిటెతో సహా వచ్చి గుమ్మంలో ఆగింది. వైర్లు మార్చేటప్పుడు ఆంప్లిఫయర్ ఆపే ఉంచాలి. ఒక్క రాగి పోగు పక్కదానికి తగిలినా లోపలి ట్రాన్సిస్టర్లు పోతాయి.

ఆంప్లిఫయర్ పైన గాలి ఆడాలి. మన రోహిణి కార్తె ఎండల్లో అది అసలే కాలుతుంటుంది, అద్దాల అలమరలో పెట్టి తలుపు మూయకండి. అమ్మ దాని మీద కుట్టుపని గుడ్డ పరిచి పూలకుండీ పెట్టింది, తీస్తే పరుస్తుంది, పరిస్తే తీస్తున్నా.

ఇక ఆ ఎక్స్‌క్లూజివ్ సంగతి. ల్యాప్‌టాప్‌ని స్టీరియోకి కలిపాక దాని నోట్లోంచి వచ్చే ప్రతి శబ్దమూ స్టీరియోలోంచే వస్తుంది. ఒక రాత్రి పదకొండింటికి పాట సన్నగా నడుస్తుంటే ఏదో వాట్సాప్ మెసేజ్ వచ్చి టంగ్‌మంది, పైవాటాలో ఉండే పెద్దాయన గుడి గంట అనుకుని కిటికీలోంచి చూశాడు. ఫూబార్‌లో ఎక్స్‌క్లూజివ్ పెట్టుకుంటే పాట నడిచినంతసేపూ వేరే శబ్దం దేన్నీ ఆ దారిలోకి రానివ్వదు. పాట ఆపాక మళ్లీ వస్తాయి కాబట్టి, సౌండ్ సెట్టింగ్స్‌లో సౌండ్స్ అన్న ట్యాబ్‌కి వెళ్లి స్కీమ్ దగ్గర నో సౌండ్స్ కూడా పెట్టేయండి. వాట్సాప్ మోతని మాత్రం వాట్సాప్ సెట్టింగ్స్‌లోనే విడిగా ఆపుకోవాలి.